మిస్టర్ వెర్నన్‌కి కప్పిన శాలువా

బటన్ నొక్కగానే మొదట వినిపించేది పాట కాదు, బూటు చప్పుడు. చెక్క నేల మీద మడమతో టక్కు టక్కుమని వేసే తాళం. ఆ వెనక గిటారు, దాని వెనక ముల్లు దిగినట్టు గరగరలాడే గొంతు. మిసిసిపీ రాష్ట్రంలో, పత్తి చేల మధ్య, రెండు గదుల చెక్క ఇల్లు ఇది. నల్లజాతివాళ్ళ కష్టాల పాటలైన బ్లూస్ పాడిన ఒక గొప్ప గాయకుడు పుట్టి పెరిగిన ఇల్లని ముందర బోర్డు పెట్టి, వరండాలో ఈ పాటల పెట్టె అమర్చారు. ఆయన పేరు బ్లూస్ వినేవాళ్ళకి చెప్పనక్కర్లేదు, విననివాళ్ళకి చెప్పినా లాభం లేదు. పద్నాలుగేళ్ళ కిందట నేనూ విననివాళ్ళలో ఒకణ్ణి. అప్పుడొక శనివారం నన్ను కారెక్కించుకుని తెచ్చి ఈ వరండాలో కూర్చోబెట్టినవారు మిస్టర్ వెర్నన్. ఈ శనివారం ఒక్కణ్ణే వచ్చాను. చేలకి కొట్టిన మందు వాసన గాలిలో అలాగే ఉంది.

సరదాగా చూసిపోదామని రాలేదు. నిన్న మెంఫిస్‌లో డెబొరా అనే ఆవిడ నన్ను ఆఫీసు నడవాలో ఆపి ఒక మాట అడిగారు. ఒక ఆసుపత్రి కంప్యూటర్లని ముప్ఫై ఏళ్ళుగా చూసుకుంటున్న మనిషి. మా కంపెనీ టీమ్ ఆవిడ దగ్గర కూర్చుని పని తెలుసుకుంటోంది, ఆ టీమ్‌కి మేనేజర్ని నేను. వేరే ఆసుపత్రివాళ్ళు ఆవిడకి ఉద్యోగం ఇస్తామంటున్నారట, సోమవారం లోపు జవాబు చెప్పాలట. ఇక్కడి ఉద్యోగం ఉండేట్టయితే వెళ్ళనన్నారు. "ఉంటుందా? మీరు వచ్చింది నా పని తీసుకోవడానికా?" అని సూటిగా అడిగారు. సపోర్ట్ కోసమే వచ్చామని చెప్పాను. మూడు నెలల్లో ఆవిడ చేతికి ఉద్యోగం తీసేసినట్టు ఉత్తరం వస్తుందని తెలిసే చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత నున్నగా జారిందో చూసుకుని నాకే ఒళ్ళు మండింది. ఎక్కడ నేర్చుకున్నానో కూడా గుర్తుంది కాబట్టి ఇంకా మండింది.

హైదరాబాద్ నుంచి హెచ్-వన్ వీసా మీద వచ్చి మొదట దిగింది మెంఫిస్‌లోనే, ఇంకో ఆసుపత్రిలో పనికి. రక్త పరీక్షల ఫలితాలు ల్యాబ్ నుంచి వార్డులకి చేరవేసే ప్రోగ్రాములన్నీ అక్కడ ఒక్క మనిషి చేతిలో ఉండేవి. మిస్టర్ వెర్నన్ అరవై దగ్గరపడిన నల్లజాతి మనిషి, పొడగరి. ఇస్త్రీ నలగని చొక్కా వేసుకుని, పని చేస్తున్నంతసేపూ కూనిరాగం తీస్తూ ఉండేవారు. ఆ దక్షిణాది ఊళ్ళలో పెద్దవాళ్ళని పేరుకి ముందు మిస్టర్ చేర్చి పిలిచే మర్యాద ఉంది. గారు అనలేక నాలుక పీకుతున్న నాకు అది పెద్ద వరంలా తోచింది. ఆఫీసులో అందరూ వట్టి వెర్నన్ అంటే, నేను మాత్రం మిస్టర్ వెర్నన్ అనేవాణ్ణి. ఆయనకి అది నచ్చింది.

మా కంపెనీ తరఫున అక్కడ మురళి అని గుంటూరు వైపు మనిషి లీడ్‌గా ఉండేవాడు. మొదటి రోజు కారులోనే నాకు పాఠం చెప్పాడు. వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర పనంతా తెలుసుకోవడాన్ని మా వృత్తిలో కేటీ అంటారు. "చూడు తమ్ముడూ, ఆయన ముందు కేటీ అన్న మాటే వాడకు. సపోర్ట్‌కి వచ్చాం అని చెప్పు, చాలు. ఆయనకి లెటర్ ఇంకా ఇవ్వలేదు. నువ్వేమన్నా లీక్ చేశావనుకో, క్లయింట్ మనందర్నీ పంపించేస్తాడు. నీ వీసా ఇంక నేను సేవ్ చేయలేను." చెడ్డవాడేం కాదు మురళి. నాకు కుక్కర్ కొనిపెట్టాడు, డ్రైవింగ్ నేర్పాడు. అబద్ధం కూడా అంతే ఓపిగ్గా నేర్పాడు.

మూడో వారంలో నా తెలివి చూపిద్దామని, ఎవర్నీ అడగకుండా ప్రోగ్రాములో ఒక లైను మార్చాను. మర్నాడు పొద్దున ఒక అంతస్తుకి ఫలితాలు చేరలేదు. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఫలితాలన్నీ కాగితాల మీద ప్రింట్ చేయించి, సగం నా చేతిలో పెట్టి, మెట్లెక్కించి, ఒక్కొక్క నర్సు దగ్గరికీ నడిపించారు. ఒక గదిలో ఆపరేషన్‌కి తయారు చేసిన ముసలావిడ, ముందు రోజు సాయంత్రం నుంచి మంచినీళ్ళు కూడా తాగకుండా ఆ కాగితం కోసమే చూస్తోంది. మిస్టర్ వెర్నన్ వంగి, ఈ ఆలస్యం మావల్లే జరిగిందమ్మా, మీ డాక్టరు తప్పేం లేదు అన్నారు. ఆ మావల్ల అన్న మాటలో నా పేరు దాచేశారు. మెట్లు దిగుతూ మాత్రం నాతో అన్నారు: "మెషీన్ మీద చెయ్యి వేసే ముందు, అవతల ఎవరు ఎదురుచూస్తున్నారో అడుగు. పేరు తెలియకపోయినా సరే, అడుగు." పద్నాలుగేళ్ళలో ఆ ప్రశ్న వేసుకోకుండా నేను ఒక్క మార్పూ చేయలేదు. ఇప్పుడు నేనుండే మోరిస్‌విల్‌లో మా టీమ్‌వాళ్ళు నన్ను అనుకరిస్తూ నవ్వుకుంటారు కూడా. నవ్వుకోనీ, మా పని వల్ల ఏ రోగికీ వైద్యం ఆగిపోలేదు.

ఆ నెలలోనే ఈ ఇంటికి తీసుకొచ్చారు. దారంతా కారులో ఈ గొంతే. వచ్చాక ఇక్కడే భోజనం విప్పారు. వాళ్ళావిడ నాకోసం మాంసం వేయకుండా ఆకుకూర వండి పంపిందట. మా ఇంట్లో ఇలా జరగడం ఇదే మొదటిసారి, మీ దేవుడికి కాస్త చెప్పిపెట్టు అని నవ్వారు. తింటూ తింటూ వాళ్ళ తాత సంగతి చెప్పారు. తాత, ఈ గాయకుడు ఒకే చేలో పత్తి ఏరినవాళ్ళట. ఒకనాడు పట్నం నుంచి రికార్డింగ్ మెషీన్‌తో ఇద్దరు దిగారట. ఊరికే విని పోదామని వచ్చాం అన్నారట. ఆ గాయకుడు రెండు రోజులు ఈ వరండాలోనే కూర్చుని, తనకి వచ్చిన పాటలన్నీ పాడాడట. వెళ్ళేటప్పుడు వాళ్ళు ఆయనకి ఒక కొత్త చొక్కా ఇచ్చారట.

"ఆ చొక్కా మా తాతకి చివరిదాకా గుర్తుంది. నీలం రంగుది. పాటలు వాళ్ళవైపోయాయి, చొక్కా ఈయనకి మిగిలింది" అన్నారు మిస్టర్ వెర్నన్. గొంతు ఏమాత్రం మార్చకుండా నన్ను అడిగారు. "నువ్వు మా దగ్గరికి ఏం పని మీద వచ్చావు, బాబూ?"

"మీకు సాయం చేయడానికి" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి, సరే తిను, చల్లారిపోతుంది అన్నారు. నమ్మేశారని నేను లోపల ఊపిరి పీల్చుకున్నాను. ఎంత బుద్ధిహీనుణ్ణి! అన్నేళ్ళు అక్కడ పని చేసిన మనిషికి తెలియదా? తెలిసే అడిగారు. నా నోటితో వినాలని అడిగారు. సోమవారం నుంచి ఆయన చెప్పిన పాఠాలు అంతకు ముందు చెప్పినవాటికి పదింతలు. ఏ కాగితంలోనూ రాయనివి, ఏ ప్రోగ్రాము ఎప్పుడు మొరాయిస్తుందో, ఏ వార్డులో ఏ నర్సుకి ముందు ఫోన్ చేయాలో, అన్నీ విప్పి చెప్పారు. చాలాకాలం ఆ శ్రద్ధంతా నా మీద ప్రేమ అనుకుని మురిసిపోయాను. తరువాత అర్థమైంది. అది నా కోసం కాదు. పైన మంచాల మీద ఎదురుచూసేవాళ్ళని ఒక అబద్ధాలకోరు చేతిలో పెట్టి వెళ్ళాల్సి వస్తోంది, వాడికి పనైనా పూర్తిగా రావాలని.

రెండు నెలలకి ఆయనకి ఉత్తరం ఇచ్చారు. ఆ తరువాత రివర్స్ కేటీ జరిగింది. అంటే నేర్చుకున్నవాడు నేర్పినవాడికే ఆ పాఠం తిరిగి ఒప్పజెప్పాలి, ఆయన విని, వీడికి వచ్చింది అని సంతకం పెట్టాలి. ఇలాంటిది ఎవడు కనిపెట్టాడో గానీ వాడికి చేతులెత్తి మొక్కాలి. ఇరవై ఆరేళ్ళ ఆయన పనిని ఆయన ముందే నిలబడి గంటన్నరలో చెప్పాను. ఆయన ఒక్క తప్పూ పట్టకుండా సంతకం పెట్టారు.

అక్కడితో ఆగినా బాగుండేది. మన ఆఫీసుల్లో ఏది ముగిసినా కేక్ ఉండాలి కదా, పెద్దవాళ్ళ చేత కోయించాలి కదా. ఆర్డర్ ఇచ్చింది నేనే. పని చక్కగా చేతులు మారినందుకు, మీద ట్రాన్సిషన్ సక్సెస్ అని నీలం క్రీముతో రాయించాను. పైగా, పెద్దవాళ్ళకెవరికైనా కప్పరా అని అమ్మ నా సూట్‌కేసులో పెట్టిన పట్టు శాలువా తెచ్చాను. గురువుకి సన్మానం అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. అందరి ముందూ ఆయన భుజాల మీద కప్పాను. మావాళ్ళు చప్పట్లు కొట్టారు, మురళి ఫొటోలు తీశాడు. ఆయన భుజాన శాలువాతో, చేతిలో కత్తితో, కేక్ మీది అక్షరాలు చదువుతూ నిలబడ్డారు. తన ఉద్యోగం పోయినందుకు చేసే పండుగలో తన చేతే కేక్ కోయిస్తున్నారని ఆ గదిలో ఆయనొక్కరికే అర్థమైంది. నాకు ఆయన మాటతో అర్థమైంది. నాకు మాత్రమే వినపడేలా మెల్లగా అన్నారు: "ఆయనకి చొక్కా ఇచ్చారు. నీది ఇంకాస్త ఖరీదైనదే."

కేక్ కోసి, మొదటి ముక్క నా చేతిలోనే పెట్టారు. తిన్నాను. ఆయన సాయంత్రానికి ముందే వెళ్ళిపోయారు. శాలువా చక్కగా మడత పెట్టి నా కుర్చీలో ఉంది. రెండేళ్ళ తరువాత ధైర్యం చేసి ఫోన్ చేస్తే, ఆయన భార్య ఎత్తి, నా పేరు విని, ఆయన పోయి నాలుగు నెలలైందని చెప్పింది. ఏం చెప్పాలనుకున్నావు అని కూడా అడిగింది. ఏం లేదండీ, ఊరికే అన్నాను.

ఆ రోజుల్లో నిజం చెబితే వీసా పోతుందన్న భయం ఉండేది. ఇప్పుడు గ్రీన్‌కార్డు ఉంది, ఇల్లుంది, పేరుంది. సాకు మాత్రం లేదు. మిస్టర్ వెర్నన్ నేర్పిన పనంతా నాలో ఉంది, దానితోనే ఇంతవాణ్ణయ్యాను. ఆయన నా నుంచి వినాలనుకున్న ఆ ఒక్క ముక్క మాత్రం నోటికి రాదు. ఇవాళైనా వస్తుందేమో, ఈ వరండాలో కూర్చుంటే సిగ్గేసైనా వస్తుందేమోనని నూట ముప్ఫై కిలోమీటర్లు డ్రైవ్ చేసుకుని వచ్చాను. పాట అయిపోయేదాకా ఆగి, డెబొరాకి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తారు. వెనక ఎవరో చిన్నపిల్లలు నవ్వుతున్నారు. చెప్పండి అన్నారు.

సోమవారం మీటింగ్ తొమ్మిదింటికే కదా అని అడిగాను.

పిల్లల గొంతులు దూరమయ్యాయి. "ఇది అడగడానికా శనివారం ఫోన్ చేశారు?"

అవునన్నాను.

"సరే అయితే. ఆ ఆసుపత్రివాళ్ళకి రానని ఇప్పుడే చెప్పేస్తాను. నిన్న మీరు చెప్పారు కాబట్టి."

మంచిది, డెబొరా, అన్నాను.