ఎస్తేరు టీచర్ ఎంచిన పియానో

పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని సాధన చేస్తున్నప్పుడు నా గదిలో పాట వినిపించదు. పియానో మెట్లు కిందికి దిగి, పైకి లేచే చప్పుడొక్కటే వినిపిస్తుంది. చెక్కబల్ల మీద దూదిమూట పడేసినట్టు మెత్తటి చప్పుడు. గుమ్మంలో నిలబడి అది విన్నానంటే చాలు, ఏ పిల్ల మెట్టును అడుగుదాకా నొక్కుతోందో, ఏ పిల్ల పైపైన తడిమి వదిలేస్తోందో చెప్పేస్తాను. "మీకెట్ల తెలుస్తది మేడమ్?" అని నోరెళ్ళబెడతారు. నాకు తెలియడం వెనక ఒక మొండి మనిషి ఉన్నారు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. మేడ్చల్‌లో ఆమెను ఎరిగినవాళ్ళు కూడా ఇప్పుడు కొద్దిమందే. పేరు ఎస్తేరు. నాకు ఎస్తేరు టీచర్.

సికింద్రాబాద్‌లో ఒక మిషన్ బడిలో ఉద్యోగమంతా సంగీతం చెప్పి, రిటైరయ్యాక మేడ్చల్‌లో తమ్ముడి ఇంటికి వచ్చి చేరారు. ఆ బడి హాల్లో ఒక పియానో ఉండేదట. పొద్దున ఆమె దాని మూత తీస్తేనే ప్రార్థన మొదలయ్యేదట. ఉద్యోగం వదిలినప్పుడు ఆ పియానో అక్కడే ఉండిపోయింది. మేడ్చల్‌లో ఆమెకు మిగిలింది, చర్చివాళ్ళు మూలన పడేస్తే ఇంటికి తెచ్చుకున్న కాలి హార్మోనియం. కుర్చీలో కూర్చుని కింది పలకలను రెండు కాళ్ళతో మార్చి మార్చి తొక్కాలి. అప్పుడే లోపలి తిత్తులు ఆడతాయి, చేతుల కింద మెట్లు పలుకుతాయి. కాళ్ళు ఆగితే పాట ఆగుతుంది. నేను అలియాబాద్ నుంచి షేర్ ఆటోలో మేడ్చల్ కాలేజీకి వచ్చి ఆమె ఉండే వీధిలోంచే నడిచేదాన్ని. ఒకరోజు ఆ హార్మోనియం విని వాళ్ళ కిటికీ దగ్గర ఆగిపోయాను. మర్నాడూ ఆగాను. ఆ తర్వాత ఆగడం అలవాటైపోయింది. చివరికి లోపలి నుంచి గొంతు వినిపించింది.

"ఏందే పిల్లా, రోజు కిటికీకాడ నిలబడుతున్నవ్? కాళ్ళు గుంజుతలేవా? లోపలికొచ్చి కూసో."

కూర్చున్నాను. డిగ్రీ అయిపోయేదాకా అలా కూర్చుంటూనే ఉన్నాను.

మెచ్చుకోవడమనేది ఆమెకు చేతకాదు. బాగా వాయిస్తే "ఊఁ, తర్వాతిది" అనేవారు. తప్పు వాయిస్తే "మళ్ళ" అనేవారు. ఆ మళ్ళకు అంతూపొంతూ ఉండేది కాదు. నాకు ఏడుపొస్తే, అది అయ్యేదాకా చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుని, "అయిపోయిందా? ఇగ మళ్ళ" అనేవారు. ఫీజు మాటెత్తితే మా తోట పండ్లు తెమ్మనేవారు. మా బాపు యాదయ్య శామీర్‌పేట దగ్గర, మా ఇంటి వెనకే ఒక ద్రాక్షతోట కౌలుకు చేసేవాడు. ఆ రోజుల్లో అటువైపు ఎక్కడ చూసినా ద్రాక్ష పందిళ్ళే ఉండేవి.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళ మాట ఇది. నా డిగ్రీ అయిపోవస్తుండగా శామీర్‌పేట రోడ్డులో కొత్తగా పెట్టిన ఒక హాస్టల్ బడివాళ్ళు సంగీతం చెప్పేవాళ్ళ కోసం వెతుకుతున్నారని తెలిసింది. వెళ్ళి అడిగితే, పియానో గ్రేడ్ పరీక్ష పాసై వస్తే ఉద్యోగమిస్తామన్నారు. అది రాకపోతే నేనేం చేయాలో బాపు అప్పటికే అనుకుని పెట్టుకున్నాడు. మేడ్చల్ మందుల కంపెనీలో గోలీల ప్యాకింగ్. మా వీధి ఆడపిల్లలు సగం మంది అక్కడే చేస్తున్నారు, వ్యాను ఇంటిముందుకే వస్తుంది. అందులో తప్పేమీ లేదు. నాకు మాత్రం ఆ వ్యాను వద్దు, పియానో కావాలి. అంత గట్టిగా జీవితంలో ఇంకేదీ కోరుకోలేదు.

పరీక్ష సికింద్రాబాద్‌లో జరిగింది. అప్పటిదాకా నా సాధనంతా ఆ కాలి హార్మోనియం మీద, చర్చి కుర్రాళ్ళను అడిగి తెచ్చుకున్న చిన్న కీబోర్డు మీద. అసలు పియానో ముందు కూర్చోవడం అదే మొదటిసారి. మెట్టు బరువుగా దిగింది. మెల్లగా పలకాల్సిన చోట మెల్లగా నొక్కితే స్వరం అసలు పలకనే లేదు. గాభరా పుట్టింది. ఆ గాభరాలో నా కాళ్ళు వాటికి తెలిసిన పని మొదలుపెట్టాయి. పియానో కింద కూడా పెడళ్ళు ఉంటాయి. కుడిది తొక్కి పట్టుకుంటే వాయించిన స్వరాలన్నీ ఆగకుండా మోగుతుంటాయి, ఎడమది తొక్కితే శబ్దం తగ్గుతుంది. నేను ఆ రెంటినీ కాలి హార్మోనియం తొక్కినట్టు మార్చి మార్చి తొక్కేస్తున్నాను. స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి పాటంతా కలగాపులగమైపోయింది. పరీక్ష తీసుకుంటున్న పెద్దాయన తల వంచి నా కాళ్ళవైపు చూశాడు. మర్యాదస్తుడు, "తర్వాతిది వాయించమ్మా" అన్నాడు. అది ఇంకా ఘోరంగా ఉండింది.

వరండాలో బెంచీ మీద కూర్చున్న టీచర్ నా మొహం చూసి లేచారు.

"కాళ్ళు తొక్కినయి టీచర్," అన్నాను. ఆమెకు వెంటనే అర్థమైపోయింది.

"నీది గాదు, పొరపాటు నాది. లేని పియానోను ఉన్నట్టు అనుకొని నేర్పిన. హార్మోనియంల బలం గాలిది. వేలు ఉత్తగ తలుపు తీస్తదంతే. పియానోల బలం మొత్తం వేలిదే. గది చేతికి తెల్వాలె, నేను చెప్తే వచ్చేది గాదు."

మేడ్చల్ బస్సులో కూర్చున్నాక మళ్ళీ నోరు విప్పారు. "మీ బాపుతోని మాట్లాడాలె. ఇంట్ల పియానో ఉండాలె."

"పియానోనా? మా ఇంట్లనా?" నాకు ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది.

"నవ్వకు. కరెంటు మీద పలికేటివి వచ్చినయిప్పుడు. కొన్ని ఉత్త బొమ్మలు, కొన్ని మంచివి. మంచిగ ఎంచుకుంటే మనకు అందేటిది గూడ దొరుకుతది."

అనుకున్నట్టే ఫెయిలయ్యాను. బడివాళ్ళు ఇంకొక్కసారికి ఒప్పుకున్నారు, ఆపైన ఆగలేమన్నారు. ఆ మాట పట్టుకుని టీచర్ అలియాబాద్ వచ్చి, మా బాపు ముందు పీట వేసుకుని కూర్చున్నారు. బాపు పందిరికి కొత్త తీగలు లాగించాలనుకున్న ఏడాది అది. ఆమె అన్నీ విని, "తీగలు పైయేడు గూడ గుంజొచ్చు యాదన్నా. పిల్లకు పైయేడు లేదు," అన్నారు. బాపు బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయి, చాలాసేపటికి వచ్చి, "ఎన్నడు పోదామో చెప్పుండ్రి," అన్నాడు.

ద్రాక్ష మొదటి కోత అమ్ముడుపోయాక ముగ్గురం సికింద్రాబాద్‌లో సంగీత వాద్యాల దుకాణానికి వెళ్ళాం. దుకాణం కుర్రాడు మమ్మల్ని చూసి మెరిసే కీబోర్డు ఒకటి ముందుకు జరిపి మీట నొక్కాడు. తబలా, డోలు, సన్నాయి, వెనక నుంచి చప్పట్లు. దుకాణమంతా పెళ్ళిపందిరి అయిపోయింది. బాపు మొహం వెలిగింది.

"గిదే మస్తుంది టీచరమ్మా! రేపు ఫంక్షన్లకు గూడ పిలుస్తరు."

"యాదన్నా, గది తనంతట తానే వాయించుకుంటాంది. ఇగ నీ బిడ్డతోని దానికి పనేముంది?" అన్నారు టీచర్. తర్వాత కుర్రాడి వైపు తిరిగి, "బాబూ, అన్నిటికి కరెంటు తీసెయ్," అన్నారు.

కరెంటు తీసేసి పియానో చూసే మనిషిని ఆ కుర్రాడు అదే మొదటిసారి చూసుంటాడు. ఆమె ఒక్కో వాద్యం ముందూ కూర్చుని, ఉత్త మెట్లు నొక్కి చూశారు. స్ప్రింగు మీద ఎగిరినట్టు లేచే వాటిని అక్కడికక్కడే పక్కన పెట్టేశారు. ఎడమ చివర లావు స్వరాల దగ్గర మెట్టు బరువుండాలి, కుడివైపుకు పోయేకొద్దీ తేలిక కావాలి. పక్కకు కదలకూడదు, అడుగు తగిలినప్పుడు టకటకమనకూడదు. నా వేళ్ళు పట్టుకుని మరీ చూపించారు. అలా వడపోస్తే కొద్దివే మిగిలాయి. అప్పుడు కరెంటు పెట్టించి, సంచిలోంచి తన తమ్ముడి హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు తగిలించారు. దుకాణంలో పెద్ద స్పీకర్లు ఏ వాద్యాన్నైనా గొప్పగా వినిపిస్తాయట, వాటిని నమ్మకూడదట. ఒకే స్వరాన్ని వినీ వినబడనంత మెల్లగా మొదలుపెట్టి గట్టిగా కొట్టేదాకా వాయించమన్నారు. కొన్నిట్లో గొంతు రెండు మూడు రకాలుగానే మారింది, మధ్యలో ఏమీ లేదు. తర్వాత వాద్యంలోని సొంత స్పీకర్లు పెట్టించి, పెడల్ తొక్కిపట్టి అడుగు స్వరం ఒకటి నొక్కి, ఫ్యాను ఆపమన్నారు. అది చల్లారిపోయేదాకా అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఒకదాంట్లో స్వరం కత్తిరించినట్టు పోయింది. ఇంకోదాంట్లో కాసేపటికి ఒకే మోతగా తిరగడం మొదలైంది. మరొకదాంట్లో సన్నబడుతూ, రంగు మారుతూ, ఎక్కడ పోయిందో తెలియకుండా పోయింది.

"గిది," అన్నారు టీచర్.

అది చెక్క పెట్టెతో, మూతతో అందంగా ఉంది. ధర వింటే బాపు కోత డబ్బుతో పాటు ఇల్లు కూడా తాకట్టు పెట్టాలి. ఆమె తొణకలేదు. ఇవే మెట్లు, ఇదే గొంతు, చెక్క లేకుండా ఉన్నది ఉందా అని అడిగారు. కుర్రాడు వెనక గదిలోంచి నల్లటి పొడుగాటి పలక లాంటిది మోసుకొచ్చాడు. స్టాండు లేదు, లయలు లేవు, దీపాలు లేవు. ధర మాత్రం ఆ మెరిసే కీబోర్డు కన్నా ఎక్కువే.

"గింత బోడిగున్నదానికి గంత ధరనా?" బాపు మొహం మాడిపోయింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

టీచర్ వాదించలేదు. "యాదన్నా, జర అటు తిరిగి నిలబడు. నీ బిడ్డ గీ రెండిట్ల ఒక్క పాటనే వాయిస్తది. ఏది మనిషి వాయించినట్టుందో చెప్పు," అన్నారు.

బాపు గోడవైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. మెరిసేదాని మీద వాయించాను, తర్వాత బోడిదాని మీద వాయించాను.

"మొదటిదాంట్ల ఎంత కొట్టినా గొంతొక్కటే ఉన్నది. రెండోదాంట్ల మొదట బతిమాలుకున్నట్టుంది, తర్వాత కోపమొచ్చినట్టుంది. గట్ల మా పిల్లనే చేస్తది," అన్నాడు. బోడిదాన్నే కట్టించాం.

స్టాండు కొనలేదు. ద్రాక్ష పెట్టెలు సర్దే బల్ల కాళ్ళను టీచర్ చెప్పిన ఎత్తుకు బాపు రంపంతో కోశాడు. పెడల్ నేలమీద జారిపోతుంటే దాని వెనక కర్రముక్క కొట్టాడు. వేళ్ళు బరువుకు అలవాటు పడ్డాయి గానీ, కాళ్ళు మాట వినలేదు. కంగారు పుడితే చాలు, ఎడమకాలు తొక్కుడు మొదలుపెట్టేది. ఆదివారం ఆటో దిగి వచ్చిన టీచర్ అది చూసి, తోటలోకి పోయి రాలిన ద్రాక్షపండ్లు గుప్పెడు ఏరుకొచ్చి నా ఎడమ పాదం కింద పెట్టారు.

"నలగొద్దు. నలిగితే మళ్ళ."

మొదటివారం నేలంతా రసమే. చీమలు బారులు కట్టాయి. బాపు గుమ్మంలో నిలబడి, "టీచరమ్మా, గీ పియానోకు నీళ్ళెక్కువైనట్టున్నయి," అని ఎగతాళి చేసేవాడు. కోత ముగిసేసరికి పండ్లు పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. ఆమె మాత్రం ఆ పియానో మీద ఏదైనా చూపించడానికి ఒకటి రెండు స్వరాలు నొక్కేవారే తప్ప, ఒక్క పాట వాయించలేదు. వాయించమని అడిగితే, "నా వేళ్ళు మొద్దుబారినయి. పొద్దు నీకు తక్కువున్నది, నువ్ కానియ్," అనేవారు.

రెండోసారి పరీక్షకు మోకాళ్ళ నొప్పితో ఆమె రాలేకపోయారు. ఒక్కదాన్నే వెళ్ళాను. అక్కడి పియానో మాదానికన్నా బరువుగా ఉంది. అయినా భయం వేయలేదు. మొదటి స్వరం మెల్లగా నొక్కి, అది ఎంత బలం అడుగుతోందో చూసుకుని, అంతే ఇచ్చాను. ఎడమకాలు కదల్లేదు. పాసయ్యానని కాగితం తర్వాత వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. కానీ నాకు అన్నిటికన్నా ఎక్కువగా గుర్తున్నది పరీక్ష నాటి సాయంత్రం. బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా ఆమె దగ్గరికి పరుగెత్తాను. మోకాళ్ళకు గుడ్డ చుట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నారు.

"టీచర్, కాళ్ళు కదల్లే! మెల్లగ ఉన్నకాడ గూడ మంచిగ వలికింది..."

"గదంతా తర్వాత. పియానో ఎట్లుండె?"

"ఎట్లుండుడేంది టీచర్?"

"మెట్లెట్లుండె? కొత్తవా, అరిగినయా? అడుగు స్వరాలు ఎట్ల వలికినయ్? మంచిగ చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. నల్లరంగు అంచుల దగ్గర ఎలా పోయిందో, మెట్ల తెలుపు ఎలా పసుపు తిరిగిందో, లావు స్వరం నొక్కితే ఆ అదురు మోచేతిదాకా ఎలా పాకిందో చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని వింటున్నారు. ఒళ్ళో పెట్టుకున్న వేళ్ళు సన్నగా కదులుతున్నాయి.

"పెడల్ కిర్రుమన్నదా?"

"అన్నది టీచర్."

"మాది గూడ అనేది," అన్నారు కళ్ళు తెరవకుండానే, నవ్వుతూ.

అప్పుడు అర్థమైంది నాకు. బడి వదిలిన నాటి నుంచి ఆమె అసలు పియానోను ముట్టుకోనే లేదు. దుకాణంలో అన్ని మెట్లూ నొక్కి చూసినప్పుడు ఆ వేళ్ళకు ఏం గుర్తొచ్చి ఉంటుందో నేనొక్కసారీ ఆలోచించలేదు. ఎప్పుడూ నా పరీక్ష, నా ఉద్యోగం, నా పియానో. నేను చెప్పడం ఆపలేదు, ఆమె ఆపమనలేదు. పొద్దుగూకి లోపలినుంచి తమ్ముడి భార్య లైటు వేసేదాకా చెబుతూనే ఉన్నాను.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకున్న పిల్లలు పరీక్షకు వెళ్ళొస్తే, తల్లిదండ్రులు ఎన్ని మార్కులొస్తాయంటారని అడుగుతారు. నేను పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, అక్కడి పియానో ఎట్లా ఉందని అడుగుతాను. ఈమెకు పని లేదా అన్నట్టు చూస్తారు వాళ్ళు. చూడనీ. పిల్ల మొదట తడబడుతుంది, తర్వాత ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెడుతుంది. నేను కళ్ళు మూసుకుంటాను.