చొక్కాల బకెట్లో నా పరిశోధన

ఒక మధ్యాహ్నం తెరలు దించి, దీపం వెలిగించి, పదిమందినీ పిలిచి మరీ నా పరువు నేనే పోగొట్టుకున్న వైనం చెబుతాను, వినండి.

తొంభైల చివరి మాట. విజయవాడలో ఒక కాలేజీలో రసాయనశాస్త్రంలో పరిశోధన చేసేవాణ్ణి. భవానీపురంలో ఒంటి గది. తోటివాళ్లంతా పక్క ల్యాబులో ఉండేవారు. నా ల్యాబుకు రాజూ నేనే, బంటూ నేనే. పొద్దుటినుంచీ నోరు విప్పక, సాయంత్రం ఆటో ఎక్కి "భవానీపురం" అనబోతే గొంతు పెగిలేది కాదు. నిజం చెప్పొద్దూ, పరిశోధన ఫలిస్తే చాలుననుకోలేదు, ఫలిస్తే చూడ్డానికి ఎవరైనా వస్తారని నా ఆశ.

నా అణువు గురించి కాస్త చెప్పనివ్వండి. దానికి రెండు చివరలా కాంతిని పీల్చుకునే భాగాలుంటాయి. మధ్యలో వంగని, మెలితిరగని చట్రం. అందుకని ఆ రెండు భాగాలూ ఎన్నటికీ దగ్గరకు రాలేవు. అయినా ఒకటి పీల్చుకున్న శక్తి, ముట్టుకోకుండానే రెండోదానికి చేరి, అది నీలంగా వెలగాలి. వెలుగుతుందని నా పరిశోధనకు గైడైన సార్ నమ్మకం. చూపించాల్సింది నేను. పక్క ల్యాబుకీ నాకూ మధ్య ఆపాటి రాకపోకలు కూడా లేవు.

ఆ వేసవిలో ల్యాబు కుళాయి ఎండిపోయింది. గాజు గొట్టాలన్నీ గదికి మోసుకెళ్లి, చొక్కాలు నానబెట్టిన బకెట్లోనే పడేసి కడిగాను. పైపైన ఓ జాడింపు జాడించి, ఒక్క దెబ్బకు రెండు పనులూ అయ్యాయని మురిసిపోయాను కూడా.

మర్నాడు ఒక గొట్టంలో నా ద్రావణం పోసి, కంటికి కనబడని కాంతినిచ్చే దీపం కింద పెడితే నీలంగా వెలిగిపోయింది. పక్క ల్యాబుకు పరుగెత్తాను. సార్‌కు కబురు పంపాను. సమోసాలు తెప్పించాను. అందరూ వచ్చారండీ! నా ల్యాబులో నిలబడ్డానికి చోటు లేదు. ఒకాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ ఊళ్లో అంతకుముందు నా భుజం మీద ఎవరూ చెయ్యి వేసిన గుర్తు లేదు.

సార్ వంగి చూసి, "బానే ఉందయ్యా. నీ అణువు లేకుండా ఉత్త ద్రావకం పోసి చూపించు" అన్నారు.

వేరే గొట్టంలో పోశాను. అదీ వెలిగింది. ద్రావకం కూడా శక్తిని అందిస్తోందేమోనని నోరు జారాను. సార్ ఖాళీ గొట్టం తీసి దీపం కింద పెట్టారు. అదీ వెలిగింది. పక్క ల్యాబు పద్మావతి గారు నెమ్మదిగా, "మీ చొక్కా కూడా వెలుగుతోందండి" అన్నారు.

చూసుకుంటే కాలరు నుంచి అంచుదాకా పెళ్లిపందిరిలా ఉన్నాను.

"వీటిని దేంతో కడిగావయ్యా?"

"చొక్కాల బకెట్లో, సార్."

బట్టలు తెల్లగా కనబడ్డానికి సబ్బుపొడిలో ఏదో మందు కలుపుతారట. ఆ దీపం కింద అది నీలంగా మెరుస్తుందట. నేను కనిపెట్టింది అదన్నమాట.

సార్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంత నవ్వారు. సమోసాలు అయిపోయేదాకా ఎవరూ కదల్లేదు. మాది ఏ ఊరో, నా వంట ఎవరు చేస్తారో అడిగారు. సిగ్గుతో చచ్చిపోతూనే, వాళ్లు ఇంకాసేపు ఉంటే బాగుండుననుకున్నాను.

కొన్నాళ్లకు, శుభ్రంగా కడిగిన గొట్టంలో నా అణువు నిజంగానే వెలిగింది. సార్ ఒక్కరే వచ్చారు. "మంచిది, రాసెయ్" అని క్లాసుకు వెళ్లిపోయారు.

అందుచేత సభాముఖంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: గాజు గొట్టాలను చొక్కాలతో కలిపి ఈ జన్మలో కడగను. కాకపోతే, ల్యాబుకు ఎవరూ రాని ఆ రోజుల్లోనే చేసి ఉంటే ఈ ప్రతిజ్ఞ నిలుపుకోవడం మహా కష్టమయ్యేది.