చక్రానికి పసుపునీళ్లు

ఇంగ్లండ్ పల్లెలు చూపించే టూరు బస్సు పూసిన ఆవచేల పక్కన ఆగింది. తడిసిన ముందు చక్రానికి పసుపు రేకులు అంటుకున్నాయి. చూడగానే తలదించుకున్నాను.

బరంపురంలో మా బడిపిల్లలం విహారయాత్రకు బస్సెక్కిన రోజు సముద్రపొడ్డున ఉన్న మా జాలర్ల ఊరు చమఖండి నుంచి అమ్మ పరుగున వచ్చింది. పడవకు చేసినట్టే చక్రానికి పసుపునీళ్లు పోసి, "గంగమ్మ తల్లీ, పిల్లల్ని సల్లగా ఒడ్డుకి సేర్సు," అని మొక్కింది. అందరూ పగలబడి నవ్వారు.

"ఎవరామె?" అని కిటికీ దగ్గరున్న నన్ను మాస్టారు అడిగారు.

"తెలీదండి," అన్నాను.

"సేపలమ్ముకునేదాన్ని బావూ," అంది అమ్మ నవ్వుతూ.

నా మాట ఆమెకు వినపడలేదని సంబరపడ్డాను. వినపడబట్టే అలా అందని అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ రోజు చెంబులో మిగిలిన నీళ్లు నా కిటికీ కిందే పోసి వెళ్లింది.