కుప్పల నడుమ జాగా

ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలంటే నాకు ఇప్పటికీ పడదు. ఒక్క పేరు చెప్పడానికి ముందొక తలుపు, వెనకొక తలుపు; ఆ తలుపుల పేరే ట్యాగు. పెండ్లి పిలుపులకు వచ్చేవాళ్లు కూడా ఇన్ని తలుపులు కొట్టరు.

ఎనిమిదిలో బడి మానేసి, ఆర్మూర్‌లో రైతుల పసుపు అమ్మిపెట్టే ఒక అడ్తి సేటు దుకాణంలో తూకం వేసే కాంటా పనికి కుదిరాను. ఫోన్‌లో వీడియోలు చూసి జావా నేర్చుకున్నాను. కాంటా కంపెనీ పంపే ఫైలును నా ప్రోగ్రాం చదివి, ఏ పసుపు కుప్ప ఏ రైతుదో టీవీలో చూపించేది. కుప్ప అనే ట్యాగు తల్లి; దాని మొదటి బిడ్డ రైతు పేరు. మొదటి బిడ్డను తీసుకో, తెర మీద పెట్టు. అంతే నా విద్య. తెర మీద పేరు పడని కుప్పకు ఖరీదుదారులు ధర చెప్పరు.

మా సేటుకు ఇరుకు పడదు. కుప్పకూ కుప్పకూ నడుమ మనిషి తిరిగి, కొమ్ము విరిచి చూసే జాగా ఉండాల్సిందే. ఒకనాడు ఆయన కన్ను నా ఫైలు మీద పడింది. అంతా ఒకే వరుసలో అతుక్కుని ఉంది.

“గిదేందిరా, గింత ఇరుకుల ఎట్ల తిరుగుతరు?”

“గండ్ల ఎవ్వలు తిరగరు సేటూ. ప్రోగ్రాం ఒక్కటే తిరుగుతది.”

“దానికి గూడ గాలి ఆడాలె గద.”

నాకు చెప్పకుండా కంపెనీకి ఫోన్ కొట్టి, ట్యాగుల నడుమ జాగా వదలమన్నాడు. వాళ్లు వదిలారు.

మర్నాడు తెర మీద నంబర్లున్నాయి, పేర్లు లేవు. షెడ్డు నిండిందని కమ్మర్‌పల్లి పెద్దమ్మ ఒకామె తన కుప్పను బయట పోయించింది. పడమర మబ్బు కమ్ముకొస్తోంది.

“నా పేరేది బిడ్డా? వాన మీదికొస్తున్నది.”

“తయారైతున్నది పెద్దమ్మా.”

“పెండ్లిపిల్ల గూడ గింత సేపు చెయ్యదు.”

ప్రోగ్రాం లోపల వెతికితే అసహ్యం వేసింది. జావా లెక్కలో ట్యాగుల నడుమ ఖాళీ కూడా బిడ్డేనట. పైగా అదే పెద్ద సంతానం. మనిషి పేరు దాని వెనక నిలబడాలి. నా ప్రోగ్రాం బుద్ధిగా ఆ ఖాళీనే ఎత్తుకొచ్చి తెర మీద కూర్చోబెడుతోంది. ట్యాగు కాని బిడ్డను దాటిపొమ్మని రాశాను. పేర్లు పడ్డాయి. వాన కూడా పడింది.

ఖరీదుదారుడు పెద్దమ్మ కుప్పలోంచి ఒక కొమ్ము తీసి, వేళ్లు దస్తీకి తుడుచుకున్నాడు. “తడిసింది. ఎండినంక చూద్దాం” అని షెడ్డులోకి నడిచాడు.

పెద్దమ్మ అతని వెనకే షెడ్డులోకి చూసింది. “గీ కుప్పల నడుమ గింత జాగా ఎవ్వలికి సేటూ?”

“తిరగనీకి” అన్నాడు అక్కడే నిలబడ్డ సేటు.

నేను ఆ జాగాలో తాటిపత్రి పట్టా పరిచి, తట్టతో తడి పసుపు ఎత్తి పోయడం మొదలుపెట్టాను. సేటు పక్కకు జరగలేదు. ఆయన చెప్పుల మీదే పోశాను.