తెర దాటిన బొమ్మ

“ఆ ఫోను దించి కంచం చూడవయ్యా, పులుసు చల్లారిపోతుండాది.”

“ఉండవే, ఈ ఒక్కటి అయిపోనీ.”

నేనూ మా ఆయన గోవిందరావూ చివరగా అనుకున్న మాటలు ఇవే. ఇన్నేళ్ళు కలిసి బొమ్మలాడించిన మొగుడూ పెళ్ళాం పోయేముందు ఏదో గొప్ప మాట అనుకుని ఉంటారని మీరనుకుంటారేమో, అదేం లేదు. ముందర చేపల పులుసు పెట్టుకుని, ఫోనులో ఎవడో ఊరూ పేరూ తెలియనివాడు చేపలు వేయిస్తుంటే చూస్తూ గోడకు జారగిలబడ్డాడు. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుని చూసేసరికి మనిషి లేడు. ఫోనులో వాడు మాత్రం అదే చేపను మళ్ళీ మొదటినుంచి వేయిస్తున్నాడు.

ఆయన పోయిన మూడో నెలలో, ఎండలు ఇంకా ముదరకముందు, జిల్లా ఆఫీసునుంచి మాకు పని వచ్చింది. ముత్తుకూరు దగ్గర కరెంటు కంపెనీవాళ్ళ కాలనీలో తోలుబొమ్మలాట కట్టాలి. విషయం, ఫోను పిచ్చి. నాకు ఇవ్వవలసిన విషయమే.

మాది బుచ్చిరెడ్డిపాలెం, తోలుబొమ్మలు మాకు తాతలనాటి వృత్తి. ఆఫీసులో కళాకారుల జాబితా అని ఒకటి ఉంటుంది. దోమల మీద, మరుగుదొడ్ల మీద, ఓటు మీద ఆట కట్టమని ఆ జాబితాలో ఉన్న బృందాలకే చెబుతారు. ఒక్కో బృందానికి నాయకుడని ఒక పేరు. మా బృందానికి ఉన్నది మా ఆయన పేరు. మనిషి పోతే పేరు కొట్టేస్తారు. ఇంకొకరి పేరు ఎక్కించాలంటే వాళ్ళు ఆడిస్తుండగా ఆఫీసరు చూసి రిపోర్టు రాయాలి. మా మరిది హనుమంతు మద్దెల మనిషి, బొమ్మ పట్టడం రాదు. నాకు వచ్చు. కానీ మా వాళ్ళలో ఆడమనిషి తెర వెనక ఆడబొమ్మలకు గొంతు ఇస్తుంది, పాట అందుకుంటుంది. నాయకత్వం మగవాడిది. నా పేరు ఎక్కిందా, బొమ్మలు ఆడతాయి. ఎక్కలేదా, బొమ్మల పెట్టె అటక మీదికి ఎక్కుతుంది.

ఫోను పిచ్చోడి బొమ్మ పాత పెట్టెలో ఎక్కడినుంచి వస్తుంది? కొత్తది చేశాను. మేకతోలు నానబెట్టి, బొచ్చు గీకి, నీడలో బిగదీసి ఆరబెడితే వెలుతురు పారేటంత పలచబడుతుంది. దాని మీద గీత గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగు వేస్తాం. కాళ్ళూ చేతులూ విడిగా కోసి దారపు ముడులతో కీళ్ళు కడతాం. కళ్ళు ఆఖరున తెరుస్తాం. మొహం కోసం నేనెక్కడా వెతుక్కోలేదు. పొట్ట, లుంగీ, దారంతో కట్టిన కళ్ళజోడు, అన్నీ ఇంట్లో చూసినవే. చేతిలో ఫోను ఉండవలసినచోట తోలును పలకలాగా కోసి తీసేశాను. వెనకనుంచి దీపం పడితే ఫోను వెలుగుతుంది. అంటే వాడు రాత్రింబవళ్ళు చూసేది ఒట్టి చిల్లు. గొప్పగా ఆలోచించి చేసింది కాదది, ఇంకో దారి తోచక చేసింది.

చిక్కు మెడ దగ్గర వచ్చింది. మా బొమ్మల్లో దేవుడికైనా రాక్షసుడికైనా తలా మొండెమూ ఒకే తోలు, మెడ వంగదు. నాట్యం చేసే ఆడబొమ్మకు మాత్రమే మెడకు కీలు వేస్తాం. ఫోను చూసేవాడికి మెడ వంగకుంటే ఎట్లా? ఆ కీలే వేశాను. తల వంగింది. కానీ ఎత్తినప్పుడల్లా కొత్తగా ఆట నేర్చినదానిలా ఒయ్యారంగా ఊగేది.

హనుమంతు తేరిపార చూసి, “అన్ననే బొమ్మ చేసినావా వదినా?” అన్నాడు.

“పెద్దపెద్దోళ్ళకి సిమెంటు విగ్రహాలు పెడతారు గదా. మనోడికి మేకతోలు చాల్లే.”

“ఆయనకి ఆడదాని మెడ ఏంది?”

“ఆ ఫోనుకు తప్ప ఇంకెవురికన్నా వంగిందా ఆ మెడ? నువ్వు మద్దెల చూసుకో పోబ్బా.”

కథ కూడా నేనే కట్టాను. వాడు ఫోను చూస్తుంటే మేక వచ్చి లుంగీ తింటుంది. దొంగ వచ్చి బిందెలు మోసుకుపోతుంటే వాడు లేవకుండా వీడియో తీస్తాడు. చివరికి యముడు వస్తాడు. ఆ బొమ్మ మా మామగారి నాటిది, దున్నపోతుతో కలిపి మనిషెత్తు ఉంటుంది. “పదరా” అంటే వీడు తల ఎత్తకుండా “ఉండు, ఈ ఒక్కటి అయిపోనీ” అంటాడు. ఏముందిరా అందులో అని యముడు వంగి చూసి, వాడి పక్కనే కూలబడతాడు. ఆ పూట లోకంలో ఎవరూ చావరు.

ఆట ఆదివారం మధ్యాహ్నం, కాలనీ హాలులో. నీడ తెర మీద నిలవాలంటే చీకటి కావాలి కనుక కిటికీలన్నిటికీ నీలం టార్పాలిన్ పట్టాలు కప్పించాం. తెల్లబట్ట తెర, వెనక పెద్ద బల్బు, బల్బుకూ తెరకూ మధ్య మేము. హాలు నిండింది. జాబితా చూసే ఆఫీసరు మేడం ముందు వరసలో కూర్చుంది.

మేకకు నవ్వారు. దొంగకు ఇంకా నవ్వారు. యముడు కూలబడేసరికి హాలు హాలంతా ఊగింది. సరిగ్గా అప్పుడే వీడియో తీయడానికి ఒక ఫోను లేచింది, లైటు వేసుకుని. దాని వెనక ఇంకోటి, ఆ తర్వాత ఎన్నో. ముందునుంచి వెలుతురు కొడితే తెర తెల్లబడి నీడ చచ్చిపోతుంది. యముడు మాయం, దున్నపోతు మాయం, మా ఆయన మాయం. లైట్లు ఆపండని హనుమంతు మైకులో మొత్తుకున్నాడు. ఇద్దరు ఆపారు, నలుగురు కొత్తగా వేశారు. తెర సందులోంచి చూశాను గదా, మేడం కూడా లైటు వేసి తీస్తోంది.

“ఇంగ మూటకట్టుకో వదినా. బొమ్మ కనపడకుంటే ఆమె ఏమని రాస్తాది?” అన్నాడు హనుమంతు.

మా బల్బు ఆపేయమన్నాను. బొమ్మ పట్టుకుని తెర అడుగు ఎత్తాను.

“యాడికి? బొమ్మను తెర దాటిస్తావా? అన్న ఉంటే కాళ్ళిరగ్గొట్టేవాడు.”

ఆట జరుగుతుండగా బొమ్మ జనం వైపు పోకూడదన్నది మా పెద్దల కట్టుబాటు. దాటితే ఆట చచ్చినట్టే అంటారు. ఆట ఎటూ చచ్చింది గదా అని దూరి ముందుకు వచ్చాను. తెర పక్కన ఒంగి కూర్చుని, బొమ్మను చెయ్యి చాపినంత మేర తెర ముందర నిలబెట్టాను.

ఒక్కో ఫోను లైటుకు ఒక్కో నీడ పడింది. ఒకడు కాస్తా ఇరవై ముప్పైమంది అయ్యారు. తెర నిండా మా ఆయనే, అన్ని మెడలూ వంగి, అన్ని చేతుల్లోనూ వెలుతురు చిల్లులతో. నేను పుల్ల కదిపితే అందరూ కలిసి ఒయ్యారంగా తలలు ఎత్తారు, మళ్ళీ దించారు.

వెనకనుంచి ఒకామె, “ఏమయ్యో, ఆ మూలోడు అచ్చం నీ మాదిరే ఉండాడు” అంది. వాళ్ళాయన గబుక్కున లైటు ఆపాడు. మూలవాడు పోయాడు. ఇక జనానికి కిటుకు తెలిసిపోయింది. “నాది ఏదబ్బా” అని ఆపేవాళ్ళు, వేసేవాళ్ళు, “ఆ పొట్టోడు నీవాడే, ఆపు” అని పక్కవాడిని పొడిచేవాళ్ళు. అట్లా ఆర్పుకుంటూ ఆర్పుకుంటూ పోతే తెర మీద ఒక్కడు మిగిలాడు. వాడు మాత్రం పోడు.

జనమంతా తలలు తిప్పి ముందు వరస వైపు చూశారు.

“మేడం, మిగిలినోడు మీవోడే” అన్నాను. నోరు జారాక గాని నేను ఎవరితో మాట్లాడుతున్నదీ గుర్తు రాలేదు. ఆమె ఒక్క నిమిషం అట్లాగే పట్టుకుని, అప్పుడు ఆపింది. హాలు పూర్తిగా చీకటైంది. చప్పట్లు చీకట్లోనే కొట్టారు. నాకు మాత్రం పేరు పోయిందనే అనిపించింది.

కిటికీల మీది పట్టాలు తీశాక ఆమె నా దగ్గరికి వచ్చింది. “నేను సరదాకి తీయలేదమ్మా. నాయకురాలు మీరేనని రిపోర్టుతో పాటు వీడియో పంపాలి. మొహం కనపడాలి. మీరు తెర వెనకే ఉంటే ఎవరు ఆడించారో ఎలా తెలుస్తుంది? ఎలాగా అనుకుంటూ ఉంటే మీరే ముందుకొచ్చారు” అని, నా పేరు అడిగి కాగితం మీద రాసుకుంది. నాయకురాలు, శాంతాబాయి. కింద నా చేత వేలిముద్ర వేయించింది. సంతకం వచ్చని చెప్పేలోపే నా వేలు సిరాకు అద్దేసింది.

హనుమంతు రెండు వారాలు నాతో మాట్లాడలేదు. తర్వాతి ఆటకు వచ్చి, “మద్దెల తెరకి ముందర పెట్టేదా, ఎనకాల పెట్టేదా, నాయకురాలా?” అని అడిగాడు.

మోకాళ్ళు మొరాయించేదాకా అదే పేరు మీద ఆడించాను. ఆ పూట నేర్చుకున్నది ఇంతే. దీపం ఎటు ఉంటే బొమ్మను అటు తీసుకుపోవాలి. దీపాన్ని మన వైపు రమ్మంటే రాదు. కట్టుబాటు పెట్టినవాళ్ళు వాళ్ళ దీపానికి తగ్గట్టు పెట్టారు, వాళ్ళను తప్పుపట్టే పని లేదు.

రేవతీ, కోడలు పిల్లా, నేను చెప్తుంటే రాసింది చాలు, ఇంక ఆపు. మీ మామ సంగతి మెత్తగా రాసినావేమో అని నాకు అనుమానంగా ఉండాది. మొదట్నించి ఒకసారి చదువమ్మా, వింటాను.