మొదటి సగం ఆటగాడు

మొన్న జగిత్యాలలో మా చిన్న చెల్లెలి ఇంటికి భోజనానికి వెళితే, మా బావ చెయ్యి కడుక్కుంటూనే "కాలేజీల కొత్త టీం దిగింది బావా, సూసొద్దాం పా" అన్నాడు. బావంటే చెల్లెలి భర్తే. ఇద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం, ఒకప్పుడు ఆ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులోనే ఇద్దరం ఉన్నాం. కోర్టు పక్కన గట్టు మీద కూర్చున్నామో లేదో, అక్కడి కుర్ర పీడీ సారుతో "మా బావ గుడ ఆడేటోడు సారూ, కాకపోతే సగమే" అన్నాడు. ఆ 'సగమే' అన్న మాట నేను చెల్లెలి పెళ్ళిమాటల నాడు విన్నాను, నా షష్టిపూర్తి నాడు బంధువులందరి ముందు విన్నాను. ఇంకా ఎక్కడెక్కడ విన్నానో కూడా గుర్తుంది. కాబట్టి అసలు సంగతేమిటో ఒకసారి సాంతం చెప్పాలి.

అవి మా వైపు పొద్దుగూకితే బస్సులు నడవని రోజులు. అడవిలో నక్సలైటు అన్నలు, రోడ్డు మీద పోలీసులు, ఇద్దరి మధ్యా బస్సు డ్రైవరు. ధర్మపురి వైపు మా ఊరికి ఆఖరి బస్సు ఎండ ఉండగానే వెళ్ళిపోయేది. అది తప్పితే జగిత్యాల పట్నంలోనే ఏ స్నేహితుడి ఇంట్లోనో పడుకోవచ్చు కదా అని మా అబ్బాయి అడుగుతాడు. పడుకోవచ్చు. కానీ మూతిమీద మీసం వస్తున్న పిల్లవాడు ఒక్క రాత్రి ఇంటికి రాకపోతే, తెల్లారేసరికి ఊళ్ళో 'అన్నలల్ల కలిసిండట' అన్న మాట పుట్టేది. ఆ మాట మనకంటే ముందు ఠాణాకు చేరేది. మా పక్కింటివాళ్ళ కొడుకు సినిమాకు పోయి బస్సు అందుకోలేకపోతే, వాళ్ళ నాన్న చెప్పులరిగేలా ఠాణా చుట్టూ తిరిగాడు. వాడు చూసిన సినిమా కథంతా ఆయన ఎస్సై ముందు చెప్పాల్సి వచ్చిందట. అందుకే మా అమ్మ రోజూ సద్ది కడుతూ "ఏమన్న ఇడిసిపెట్టు గని బస్సు ఇడువకు కొడుకా" అనేది.

వానలు తగ్గి కోర్టులో బురద ఆరగానే కొత్త జట్టును ఎంచేవారు. అన్ని కాలేజీల్లో పీడీ సార్లు ఎత్తు చూస్తారు, ఉరుకు చూస్తారు. మా సారు విజిల్ మెడలో వేసుకుని అడిగిన మొదటి ప్రశ్న "ఏ ఊరు? బస్సెప్పుడు?" దాన్ని బట్టే జట్టు. బస్సు పిల్లలు మొదటి సగం, పట్నం పిల్లలు రెండో సగం. ఎల్లారెడ్డిపేట నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక పొడుగాటి అబ్బాయి మాత్రం రెండు సగాలూ ఆడేవాడు. బంతి పైకి లేస్తే ఇక అది అతనిదే. కోరుట్ల నుంచి వచ్చే ఇద్దరికి బస్సు కాస్త ఆలస్యం కనుక కాస్త ఎక్కువ ఆట. నా సంగతి నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు: ఎడమ మూల నుంచి నా అంత గురిగా వేసేవాడు ఆ జట్టులో లేడు. పాయింట్లన్నీ మేము కూడబెట్టి బస్సెక్కితే, పట్నం పిల్లాడైన మా బావ దిగి వాటిని కాపలా కాసేవాడు. మర్నాడు కాలేజీలో దండ ఆయనకు పడేది. బంతి ఇంకొకరికి అందించడమన్నది ఆయన అప్పుడూ ఎరగడు, ఇప్పుడు కూర గిన్నె విషయంలోనూ అంతే.

ఒక ఏడు మొదటి ఆట సిరిసిల్లతో పడింది. మగ్గాల ఊరి పిల్లలు, ఒకే తానులోంచి కుట్టిన బనియన్లతో మెరిసిపోతూ దిగారు. మా బనియన్లు ఎవరి ఇంటివి వారివి. ఈ ఒక్క ఆటైనా చివరిదాకా ఉండి, గెలుపు నా కళ్ళతో చూడాలని ముందే మొండికేసి ఉన్నాను. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి, వచ్చాక చాలాసేపు మాట్లాడాడు. ఆట సగమయ్యేసరికే నీడలు సాగాయి. సారు నాకు చొక్కా అందించాడు. నేను అందుకోలేదు.

"అరే, నీ బస్సొస్తది."

"రానియ్యుండ్రి సార్."

"మీ నాయిన నన్ను అడుగుతడు రా!"

చివరికి హారన్ వినపడగానే ఉరకాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. అలా మా బావా నేనూ ఒకే కోర్టులో ఆడాం, మొదటిసారి, ఆఖరిసారి. రెండు జట్లూ సమానంగా ఉన్నప్పుడు రోడ్డు మీద బస్సు ఆగి హారన్ కొట్టింది. నేను కదల్లేదు. మళ్ళీ కొట్టింది. కండక్టరు దిగి, సంచీ ఊపుకుంటూ గేటు దాకా వచ్చాడు.

"ఏం పిలగా, ఎక్కుతవా, అన్నలకు చిట్టీ రాయాల్నా?"

కిటికీల నిండా తలకాయలు. వెనక కిటికీలోంచి ఒక ముసలమ్మ అరిచింది. "ఆడనియ్యిర్రి పోరన్ని! ఒక్కటేసి అస్తడు!"

హాస్టలు అబ్బాయి బంతిని నా ఎడమ మూలకు విసిరాడు. వేశాను, వేసి ఉరికాను. గేటు దగ్గర తిరిగి చూస్తే బంతి రింగు మీద తిరుగుతోంది, లోపలికి ఒరుగుతోంది. కండక్టరు నా జబ్బ పట్టి మెట్టు ఎక్కించాడు. వెనక పెద్ద కేక. ఎవరి కేకో తెలియదు. మర్నాటి నుంచి బంద్. కాలేజీ తెరిచేదాకా గెలిచామో ఓడామో తెలియక నాకు అన్నం సహించలేదు.

తెరిచాక తెలిసింది. ఒక్క బాస్కెట్ తేడాతో గెలిచాం. ఆ బాస్కెట్ నాది కాదట. బంతి బయటికి పడిపోతుంటే మా బావ ఎగిరి లోపలికి నెట్టాడట. కాలేజీ అంతా అదే మాట. ముసలమ్మ మాత్రం ఆ రోజు ధర్మపురి దాకా "బుట్టల వడ్డది కొడుకా, మంచిగ వడ్డది" అంటూనే ఉంది. ఆమె జన్మలో చూసిన బాస్కెట్‌బాల్ అంతే కనుక ఆ సాక్ష్యం చెల్లదని మా బావ వాదన. ఆయన సంబంధం మా ఇంటికి వచ్చినప్పుడు నేను ఈ ఒక్క అభ్యంతరమే చెప్పాను. మా నాన్న పట్టించుకోలేదు.

మొన్న గట్టు మీద మళ్ళీ అదే పంచాయితీ. కుర్ర సారు నవ్వుతుంటే మా బావ మోకాలు రుద్దుకుంటూ "సరే తియ్యి బావా, నువ్వేసిందే అనుకుందాం" అన్నాడు.

'అనుకుందాం' అట! దానికంటే ఆ 'సగమే' నయం. ఎగిరి నెట్టానని ఆయన గొంతు చించుకుంటేనే నాకు మర్యాద. ఆ మాటే చెబుదామని నోరు తెరిచేసరికి గోడవతల ధర్మపురి బస్సు హారన్ కొట్టింది. ఆడుతున్న పిల్లల్లో ఒక్కడూ తల తిప్పలేదు. వాళ్ళ మోటారుబండ్లన్నీ చెట్టు కింద వరుసగా ఉన్నాయి, ఎవరి బండి వాళ్ళది. తల తిప్పింది మేమిద్దరమే.

"లే బావా, నీ బస్సొచ్చింది" అన్నాడు మా బావ.

"ఆట అయ్యేదాంక లేవ."

లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది. పొద్దుగూకింది, కోర్టు మీద లైట్లు వెలిగాయి. ఆ వేళప్పుడు ఆ కోర్టు ఎలా ఉంటుందో నేను చూడడం అదే మొదటిసారి. ఒక ఆట రెండో సగం సాంతం చూడడానికి కొందరికి ఇన్నేళ్ళు పడుతుంది.