పూల్‌డూకి పిలిచారు

చలిలో ఎవరైనా గజగజ వణుకుతుంటే చూసి జాలిపడతాం. అదే మనిషి చిలకల బొమ్మల ఈత నిక్కరు వేసుకుని, నడుముకు గాలి ఊదిన పసుపుపచ్చ బాతును తగిలించుకుని, తుపాకులున్న వేటగాళ్ల ముందు నిలబడి వణుకుతుంటే ఏం పడాలో మీరే ఆలోచించండి. ఆ వేటగాళ్లలో ఒకాయన మా బాసు. వణికినవాణ్ణి నేను.

అప్పటికి నేను ఎమ్మెస్ ముగించి, లూసియానాలో లఫాయెట్ దగ్గర చమురు బావులకు కొలత పరికరాలు చేసే ఒక చిన్న కంపెనీలో కుదురుకుంటున్నాను. ఎక్కడ చూసినా ఉద్యోగాలు ఊడుతున్న మాంద్యం రోజులు. కంపెనీ నా హెచ్‌-వన్ వీసా ఫైల్ చేస్తుందో లేదో తేలలేదు. తేల్చవలసింది మా బాసు రోలాండ్ గారు. ఆయన కేజన్ మనిషి. ఏనాడో ఫ్రెంచి మాట్లాడుతూ వచ్చి ఆ చిత్తడి నేలల్లో స్థిరపడినవాళ్ల సంతతిని అక్కడ కేజన్లంటారు. వాళ్ల ఇంగ్లీషు మనం ఎక్కిన రైలే ఎక్కుతుంది గాని, మనకు చెప్పకుండా మధ్యలో ఏదో ఫ్రెంచి స్టేషనులో దిగిపోతుంది. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఆయన మాట అర్థమైతే 'యెస్ సర్' అనేవాణ్ణి. అర్థం కాకపోతే ఇంకాస్త గట్టిగా 'యెస్ సర్' అనేవాణ్ణి.

జనవరిలో ఒక శుక్రవారం ఆయన నా టేబుల్ దగ్గర ఆగి, రేపు మధ్యాహ్నం మా కాంప్‌లో పూల్‌డూ ఉంది, స్నేహితుణ్ణి కూడా తీసుకురా అన్నారు. పూల్ అన్న ముక్క ఒక్కటే నాకు అందింది. చాలా గట్టిగా 'యెస్ సర్' అన్నాను.

నా రూమ్మేట్ శ్రీకాంత్‌ది కరీంనగర్. అమెరికాకు నాకంటే ఒక్క సెమిస్టరు ముందొచ్చాడు కాబట్టి ఇక్కడి ఆచారవ్యవహారాల్లో వాడు చెప్పిందే శాస్త్రం.

"జనవరిలో పూల్ పార్టీ ఏంట్రా?" అన్నాను.

"హీటెడ్ పూల్ ఉంటది మామా. ఆయిల్ కంపెనీ బాసుకు వేడినీళ్లకు కరువా? నీకు హెచ్‌-వన్ కావాల్నా, వద్దా? ఒడ్డుమీద కూసుంటే టీమ్ ప్లేయర్ కాదనుకుంటరు. నీళ్లల్ల దిగాలె."

నాకు ఈత రాదు. కొల్లేటి పక్క ఊళ్లో పుట్టి ఈత రాకపోవడమంటే ఉప్పుటేరు గట్టున కూర్చుని చప్పిడి కూడు తిన్నట్టు. ఆ సాయంత్రం కొట్లన్నీ తిరిగితే, ఒకచోట వేసవిలో అమ్ముడుపోని సామాను పడేసిన బుట్టలో చిలకల నిక్కరు, పెద్ద బాతు ట్యూబు దొరికాయి. నిక్కరు నాకోసమే మిగిలినట్టుంది. బాతు మాత్రం నన్ను చూసి జాలిపడినట్టే అనిపించింది.

మర్నాడు నేను చిలకల నిక్కరు ఇంట్లోనే తొడుక్కుని సిద్ధమయ్యాక, శ్రీకాంత్ కార్‌లో బయలుదేరాం. వట్టిచేతులతో వెళ్లకూడదని పులిహోర కలిపి వెనక సీట్లో పెట్టాను. పంపు లేదు గనక ట్యూబును నడుముకు తగిలించుకుని దారిపొడుగునా నోటితో ఊదుతూ కూర్చున్నాను. చెరకు తోటలు దాటి చిత్తడిలోకి వచ్చేసరికి బాతు నిండుగా ఉబ్బి, సీటుకూ డాష్‌బోర్డుకూ మధ్య నన్ను బిగించేసింది. కారు ఆపాక శ్రీకాంత్ నా రెండు చేతులూ పట్టి లాగితే, సీసా బిరడా ఊడినట్టు బాతుతో సహా బయటపడ్డాను.

కాంప్ అంటే నీటి ఒడ్డున గుంజల మీద నిలబెట్టిన రేకుల కప్పు చెక్క ఇల్లు, వేటగాళ్ల విడిది. మెట్ల మీద ఆకుపచ్చ మచ్చల వేటబట్టల్లో మగవాళ్లు కూర్చుని ఉన్నారు. గోడకు తుపాకులు ఆనించి ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. వాళ్ల చూపులు నా మొహం మీంచి బాతు మీదికి, అక్కణ్ణుంచి చిలకల మీదుగా నా సన్నని కాళ్లదాకా దిగి, మళ్లీ పైకి రావడానికి మొహమాటపడ్డాయి.

చివరికి రోలాండ్ గారి మేనమామ, తెల్లగడ్డం పెద్దాయన, నెమ్మదిగా అడిగారు. "డికాయ్ తెచ్చావా అబ్బాయీ?"

అడవి బాతులను మోసపుచ్చి కిందికి దింపడానికి నీళ్లలో వదిలే బొమ్మ బాతును డికాయ్ అంటారు. ఆ సంగతి ఇప్పుడు మీకు తెలిసింది. అప్పుడు నాకు తెలియదు. గట్టిగా 'యెస్ సర్' అన్నాను.

ఆయన లేచి నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. "మంచిదే. పిట్టలు నవ్వి నవ్వి చస్తే మనకు తూటాలు మిగులుతాయి" అంటూ బాతును నా తలమీదుగా తీసి, తాడు కట్టి, నీళ్లలో తన బొమ్మ బాతుల మధ్య గంభీరంగా వదిలారు.

పోనీ అక్కడితో నోరు మూసుకున్నానా? పూల్ ఎక్కడుందని అడిగాను. రోలాండ్ గారు ఎదురుగా ఉన్న నల్లటి నీళ్లు చూపించి, ఈదాలని ఉంటే ఈదు, మొసళ్లు చలికాలంలో పెద్దగా తినవులే అన్నారు. ఎంతో మర్యాదగా అన్నారు.

నన్ను రక్షించింది రోలాండ్ గారి తల్లి మిస్ ఎడ్నా. మనం పేరు వెనక గారు చేర్చినట్టు అక్కడ పెద్దావిడల పేరుకు ముందు మిస్ చేరుస్తారు. ఆవిడ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, బొంత కప్పి, పొయ్యి పక్కన కూర్చోబెట్టి, "ఈ చలిలో ఆ నిక్కరేమిటి, షా?" అంది. నన్ను గుజరాతీవాణ్ణి అనుకుంటోందేమోనని కంగారుపడ్డాను. షా అంటే వాళ్ల మాటలో 'బంగారుకొండా' అని తర్వాత తెలిసింది.

ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది, కాని గరిటె తిప్పే చెయ్యి మాత్రం ఆపలేదు. ఇనప కుండలో నూనె, పిండి. ఒక్క క్షణం చూపు తిప్పినా మాడుతుందట. నా కళ్లముందే ఆ పిండి ఇసుక రంగుకు, తర్వాత ఇటుక రంగుకు, తర్వాత తడిసిన రేగడి రంగుకు తిరిగింది. ఉల్లిపాయలు పడగానే కుండ బుస్సుమంది. వేయించిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. నేను నిక్కరు సంగతి, చలి సంగతి, హెచ్‌-వన్ సంగతి కూడా మరిచిపోయి నోరు తెరుచుకుని చూశాను.

అప్పుడు ఆవిడ సింకులోంచి, ఇంకా తోలు తీయని పిట్టనొకదాన్ని ఎత్తి చూపించింది. నల్లటి ఒళ్లు, తెల్లటి ముక్కు. ఇదే పూల్‌డూ అంది. ఫ్రెంచిలో పూల్ అంటే కోడి, డూ అంటే నీళ్లకు చెందినది.

ఆ పిట్ట నాకు తెలుసు. దాని జాతివాటిని కొల్లేట్లో చూస్తూనే పెరిగాను.

"మా ఊళ్లోనూ దీని పేరు ఇదేనండీ. నీటికోడి" అన్నాను.

ఆవిడ మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. "నీటీ కోదీ" అని తను పలికి, కొడుకును పిలిచి ఆయనచేతా పలికించింది. తన చిన్నప్పుడు బళ్లో ఫ్రెంచి మాట నోరుజారితే మోకాళ్లమీద నిలబెట్టేవారని చెప్పింది. మా కాన్వెంటులో తెలుగు మాట్లాడితే మెడలో పలక వేలాడదీసేవారని నేను చెప్పాను. ఒకరినొకరు ఎరగని రెండు జాతులవాళ్లు, భూమికి ఆ వైపొకరూ ఈ వైపొకరూ నిలబడి, ఒకేరకం పిట్టను చూసి ఒకే పేరు పెట్టారు. ఇంజనీరింగు చదువులో నన్ను ఇంత ఆశ్చర్యపరిచిన సూత్రం ఒక్కటీ లేదు.

అంతలో బయట టపటపమని చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే నీటి నిండా నీటికోళ్లు. గాల్లోకి లేవడానికి నీళ్లమీద పరుగు తీస్తున్నాయి. వాటి కాళ్లకింద నీళ్లు వెండి పొట్టులా చెదురుతున్నాయి. మా బాతును చూసి భయపడి పారిపోతున్నాయన్నారు పెద్దాయన. దాన్ని చూడటానికే ఇంతదూరం వచ్చినయని శ్రీకాంత్ వాదించాడు.

నీటికోడి మాంసం, కందనకాయలు వేసి కాచిన ఆ పులుసును గంబో అంటారు. అన్నం మీద పోసుకుని, పక్కన బంగాళాదుంప సలాడ్ పెట్టుకుని తింటారు. మొదటి ముద్ద మింగకముందే రెండోది కలిపాను. పప్పులో కాలేసినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. పప్పులో కాలేసి గంబోలో తేలినవాణ్ణి నేనొక్కణ్ణే. పెద్దాయన మాత్రం మామూలు అన్నం వద్దని నా పులిహోర మీదే గంబో పోసుకుని మూడోసారి వడ్డించుకున్నారు. మా అమ్మమ్మ చూసి ఉంటే సగం గర్వపడి, సగం స్నానం చేసేది.

తింటుండగా మిస్ ఎడ్నా, ఈ దేశంలో ఎన్నాళ్లుంటావని అడిగింది. కాగితాలు వస్తే ఉంటాను, లేకపోతే సర్దుకోవాలి అన్నాను. రోలాండ్ గారు కంచంలోకి చూస్తూ గంబో కలుపుకున్నారు.

బయలుదేరేటప్పుడు ఆవిడ మిగిలిన సలాడ్‌ను గిన్నెతో సహా నా చేతుల్లో పెట్టి, నా కళ్లలోకి చూస్తూ ఫ్రెంచిలో ఏదో అంది. నేను రోలాండ్ గారి వైపు చూశాను.

"బంగాళాదుంప వదలకు అంటోంది" అన్నారాయన.

పెద్దావిడ ఆజ్ఞ. కార్‌లో ఆ గిన్నెను రెండు చేతులా గుండెకు హత్తుకుని కూర్చున్నాను. ఫోన్ మోగితే ఎత్తలేదు. ముక్కు దురద పెడితే శ్రీకాంత్‌ను గోకమన్నాను. వాడు గోకలేదు.

సోమవారం గిన్నె తోమి పట్టుకెళ్లి, "సర్, దారిలో ఎక్కడా వదల్లేదు" అని రోలాండ్ గారికి నివేదించాను. ఆయన కాసేపు నన్నూ గిన్నెనూ మార్చి మార్చి చూసి, తలుపు మూసి, బల్లమీద తల పెట్టుకుని నవ్వారు. తేరుకున్నాక చెప్పారు. అది వాళ్ల సామెతట. ఎంత కష్టమొచ్చినా పట్టు విడవకు, ధైర్యం చెడకు అని అర్థమట.

"నిన్న అమ్మ ఫోన్ చేసింది. ఆ నీటీ కోదీ అబ్బాయి కాగితాలు ఏం చేశావని అడిగింది. ఈ ఉదయమే లాయరుకు చెప్పాను, ఫైల్ చెయ్యమని."

నా కళ్లు చెమర్చాయి. గిన్నెను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

మనకు దుంప తెగిందంటే బతుకు చెడిందని. వాళ్లకు దుంప వదలడమంటే ఆశ వదలడమని. తెగకుండా, వదలకుండా బయటపడ్డ నేను ఆనాడే ఘోరమైన ప్రతిజ్ఞ ఒకటి చేశాను. ఇకమీదట మాట వినబడకపోతే మళ్లీ చెప్పమంటాను. వినబడితే అర్థమడుగుతాను. అర్థం చెబితే, అయ్యా, ఇది అసలు అర్థమేనా, లేక దీనికి వేరే అర్థం ఉందా అని కూడా అడిగి, ఆ తర్వాతే తల ఊపుతాను. దుంప మీద ఒట్టు.